ఉప్పు పేరాక మిగిలే నీళ్ళు

మొన్న చలికాలం గుజరాత్‌లో ఉన్న కచ్ రణ్‌కి, ఆ ఉప్పు ఎడారికి వెళ్ళాను. అమ్మ పోయి అప్పటికి పది నెలలు. చూడాలన్న సరదాతో వెళ్ళలేదు, రాయ్‌పూర్‌లో ఆ ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేక వెళ్ళాను. జీపు డ్రైవరు రోడ్డు చివర దింపి, ఇక్కణ్ణించి నడవాలి దీదీ అన్నాడు. నడిచాను. ముందు కాళ్ళ కింద తడి బురద, దాని మీద పంచదార జల్లినట్టు పలచగా తెలుపు. ఇంకాస్త దూరం పోయేసరికి బురద లేదు, ఒంటె బళ్ళు లేవు, ఫొటోలు దిగేవాళ్ళ కేకలు లేవు. తెలుపు మాత్రమే ఉంది. నేల ఎక్కడ అయిపోయిందో, ఆకాశం ఎక్కడ మొదలయిందో చెప్పడానికి ఒక్క గీత కూడా లేదు. ఆ తెలుపంతా పలకలు పలకలుగా ఉంది. కొన్నిటికి ఐదు మూలలు, కొన్నిటికి ఆరు, ఒక్కో పలక చుట్టూ వేలెడు ఎత్తున గట్టు. ఎవరో తాడు పట్టి కొలిచి కట్టినట్టుంది. ఎవరూ కట్టలేదు. నీళ్ళు ఇగిరిపోతూ ఉంటే వాటంతట అవే లేచిన గట్లు. ఇంత అందమైనదాన్ని నేను నా బతుకులో చూడలేదు. చూస్తూ నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. పక్కనున్నవాళ్ళు నన్ను చూసి, ఈవిడకి ప్రకృతి అంటే ఎంత ప్రేమో అనుకుని ఉంటారు.

ఆ పలకల సంగతి చూడకముందే నాకు తెలుసు. మా నాన్న చెప్పగా చెప్పగా కంఠతా వచ్చింది. నాన్నది చీరాల దగ్గర సముద్రపొడ్డు పల్లె. ఉప్పు మడుల మధ్య పుట్టి పెరిగాడు. రైల్వే ఉద్యోగం రాకముందు ఒక ఉప్పు వ్యాపారి దగ్గర బస్తాలు లెక్క రాసే పని దొరికి, రెండు చలికాలాలు రణ్ అంచున గుడిసెలో ఉన్నాడు. తర్వాత రైల్వేలో చేరి రాయ్‌పూర్ వచ్చాడు, గూడ్స్ క్లర్కుగా. అమ్మది బాపట్ల వైపు. ఇక్కడి ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. నేను వాళ్ళకి ఒక్కతే కూతుర్ని. నా చేతి వంట తిని మా నాన్న చనిపోయాడు. ఇరవై ఏళ్ళ పైచిలుకు ఆ మాట అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, కథ నడిపినట్టు దాచిపెట్టి చివర చెప్పే ఓపిక నాకు లేదు.

అప్పుడు మేం దేవేంద్ర నగర్‌లో ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళం. ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమై ఒకటి రెండేళ్ళయి ఉంటుంది. కింద వాటాలో ఉండే ఆంటీ ఇక్కడి మనిషి. ఎండాకాలం పొద్దున్నే రాత్రి అన్నంలో నీళ్ళు పోసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఇంత ఉప్పు పెట్టుకుని బోరే బాసీ తినేది. నాన్న ఆఫీసుకు దిగుతూ దిగుతూ, "భాభీ, మా ఊళ్ళో ఇది చద్దన్నం" అని ఒక ముద్ద తిని గానీ సైకిలెక్కేవాడు కాదు. మా వంటింట్లో ఎప్పుడూ రెండు వాసనలు కలిసి ఉండేవి. ఒకటి బాపట్ల నించి ఎవరో రైల్లో తెచ్చిచ్చే ఎండురొయ్యల వాసన, రెండోది అమ్మ యూనిఫారం నుంచి వచ్చే డెట్టాల్ వాసన. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధన, రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన. ప్రార్థన నాన్నే చేసేవాడు, చాలా పొడుగ్గా. దేశంలో ఉన్న విధవరాళ్ళూ, దిక్కులేనివాళ్ళూ, గూడ్స్ షెడ్డు హమాలీలూ అందరూ అయ్యాక గానీ మా వంతు వచ్చేది కాదు. అమ్మ ఒక కన్ను తెరిచి పొయ్యి మీది కూర చూసుకునేది.

కచ్ నించి ఉప్పు వ్యాగన్లు రాయ్‌పూర్ గూడ్స్ షెడ్డుకి వచ్చినప్పుడల్లా నాన్న పండగ చేసుకునేవాడు. చిరిగిన బస్తా నించి రాలిన కల్లుప్పు ఇంత కాగితంలో కట్టుకొచ్చి, లైటు కింద పెట్టి నాకు చూపించేవాడు. ఇది మొదటి తీత, ఇది రెండో తీత, ఇది వాన పడ్డాక తీసింది అనేవాడు. నిజమో అబద్ధమో మాకు తెలియదు. అమ్మ మాత్రం, "నగల కొట్టు పెట్టాల్సిన మనిషి, ఫాలతూగా రైల్వేలో చేరారు" అనేది. మే నెలాఖరులో తొమ్మిది రోజులు రాయ్‌పూర్ పెనంలా కాలుతుంది, ఇక్కడివాళ్ళు నౌతపా అంటారు. అందరూ కిటికీలకి తడిగుడ్డలు కట్టుకుని లోపల పడుంటే, నాన్న పాత బేసిను నిండా ఆ ఉప్పు కలిపిన నీళ్ళు పోసి డాబా మీద పెట్టేవాడు. రణ్ ఎలా పుడుతుందో నాకు చూపించాలి ఆయనకి. నేను గొడుగు పట్టుకుని పక్కన కూర్చోవాలి.

"అదంతా ఒకప్పుడు సముద్రమే చిట్టీ" అనేవాడు. "భూమి కాస్త పైకి లేచింది, నదులు మట్టి తెచ్చి పోశాయి. సముద్రానికి దారి మూసుకుపోయింది. పోయినా ఊరుకోదుగా. వానాకాలం గాలికి పాయల్లోంచి తోసుకుని మళ్ళీ వస్తది. అటు నించి నదుల నీళ్ళొస్తయ్యి. మోకాలి లోతు, అంతే. కానీ ఎంతమేర అనుకున్నావు, కన్ను ఆనదు. దాన్నిండా గులాబీ రంగు కొంగలు. దసరా దాటినాక నీళ్ళు చిక్కబడతయ్యి, క్రిస్మస్‌కల్లా తెల్లబడుద్ది. పొద్దున పూట లేత నీలం, మధ్యాన్నం చూడలేవు, పొద్దుగూకేటప్పుడు చామంతి రంగు. ఒక్కటే నేల, రోజుకి మూడు చీరలు మారుస్తది."

"మరి ఆ గళ్ళు ఎందుకు పడతాయి నాన్నా?"

"ఉప్పు పెరుగుద్ది. పెరిగినాక చోటు చాలదు. పక్కదాన్ని నెడుద్ది, అది దీన్ని నెడుద్ది. ఇద్దరూ కొట్టుకునే చోట గట్టు లేస్తది. మీ అమ్మా నేనూ ఉన్నట్టే."

బేసినులో నీళ్ళు ఇగిరిపోయే వరస ఆయన ప్రత్యేకంగా చెప్పేవాడు. సముద్రం అన్నీ ఒకేసారి వదిలిపెట్టదు. ముందు జిప్సం, బురదలో గాజుపెంకుల్లా మెరుస్తుంటుంది. తర్వాత ఉప్పు. ఉప్పు మొత్తం పేరాక కూడా కాసిని నీళ్ళు మిగులుతాయి, ఎంత ఎండ కాసినా ఓ పట్టాన గట్టిపడవు. బేసిను ఒక పక్కకి వంచి ఆ మూలన చేరిన నీళ్ళలో నా వేలు ముంచించి నాలిక్కి రాయించేవాడు. నేను ఉమ్మేసేదాన్ని. అంత చేదు. "అక్కడ ఉప్పు పండించే అగరియాలు ఈ నీళ్ళు తోడి అవతల పారబోస్తారు" అనేవాడు. "ఉప్పులో ఇవి ఉంటే మంచిది కాదు. ఇంక వేరే లవణాలు ఉంటయ్యి దీంట్లో, మీ కెమిస్ట్రీ మాస్టారు చెప్తాడు." చెప్పాడు కూడా, మా కెమిస్ట్రీ మాస్టారు. మెగ్నీషియం, పొటాషియం. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

నేను పన్నెండో క్లాసులో ఉండగా నాన్నకి కిడ్నీలు రెండూ పోయాయని తేలింది. అమ్మ ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చీర కూడా మార్చుకోకుండా వంటింట్లో ఉన్న ఉప్పు జాడీ, ఆవకాయ జాడీ, ఎండురొయ్యల డబ్బా మూడూ తీసుకెళ్ళి కింద ఆంటీకి ఇచ్చేసింది. ఆ రోజు నించి ఇంట్లో ఎవరికీ ఉప్పు లేదు. ఆయన తినలేనిది మేం ఆయన ముందు తినకూడదు. ఈస్టరు ముందు శ్రమదినాల్లో మాంసం మానేసినట్టు మేం ఉప్పు మానేశాం, ఆ శ్రమదినాలు మాత్రం అయిపోయేవి కావు. వారానికి రెండుసార్లు డయాలిసిస్. నీళ్ళు కొలిచి తాగాలి. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్ళు వద్దు, టమాటా వద్దు. కూరగాయలు ముక్కలు కోసి ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ వండాలి. ఎందుకమ్మా అని నేను అడిగితే, "చెప్పింది చెయ్యి, టైం లేదు" అనేది. వార్డులో పేషెంట్ల ఇంటివాళ్ళకి ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పే మనిషి, సొంత కూతురికి చెప్పలేదు. డ్యూటీ, ఇల్లు, డయాలిసిస్, ఈ మూడింటి మధ్య ఆమెకి నిజంగానే టైం లేదు. ఇంటికొచ్చాక నర్సుగా ఉండే ఓపిక కూడా లేదేమో. నేను ఆమెని తప్పు పట్టడం లేదు. ఆమెని తప్పు పట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు.

అమ్మ కిడ్నీ నాన్నకి సరిపోతుందని పరీక్షల్లో వచ్చింది. దక్షిణాదిలో పెద్దాసుపత్రిలో ఆపరేషను, క్రిస్మస్ అయిన తర్వాత రమ్మన్నారు. ఒక్కటే షరతు. నాన్న అప్పటిదాకా తిని బలంగా ఉండాలి, బాగా చిక్కిపోతే ఆపరేషను చెయ్యలేమన్నారు. నాన్న తినడం మానేశాడు. మొండితనం కాదు, ముద్ద లోపలికి పోయేది కాదు ఆయనకి. ఉప్పు మడుల్లో పుట్టిన నాలుక. సొరకాయ ఉడకబెట్టి, పిండి, దాన్ని తాలింపు వేసి పెడితే కళ్ళు మూసుకుని మందు మింగినట్టు మూడు ముద్దలు మింగి కంచం తోసేసేవాడు. చొక్కా భుజాల మీంచి జారిపోయేది. ప్రార్థన కూడా చిన్నదైపోయింది. విధవరాళ్ళ దాకా వచ్చి ఆగిపోయేవాడు. సువార్తత్త, నాన్నకి అక్క, అభన్‌పూర్‌లో ఉండేది. బస్సెక్కి వచ్చి తమ్ముణ్ణి చూసి వంటింట్లోకి వచ్చి, "కరుణా, వాడు సగమైపోయాడు కదే. నువ్వు నర్సువి, నువ్వే చూసుకోకపోతే కైసే?" అని అమ్మ మీద కేకలేసింది. అమ్మ సొరకాయ నీళ్ళు వంపింది. వంట ఎక్కువగా నేనే చేసేదాన్ని, అమ్మకి పగటి డ్యూటీ. ఆ కేకలు నాకు తగలాల్సినవే అనిపించింది.

శంకర్ నగర్‌లో అప్పుడే ఒక కొత్త రకం కొట్టు పెట్టారు, సరుకులు మనమే తీసుకుని బుట్టలో వేసుకునేది. ట్యూషన్ నించి వస్తూ అందులోకి వెళ్ళాను. ఉప్పు అరల్లో ఒక ప్యాకెట్ కనిపించింది. దాని మీద ఎర్రటి గుండె బొమ్మ, నవ్వుతున్న ముసలాయన, సోడియం తక్కువ అని పెద్ద అక్షరాలు. వెనక చిన్న అక్షరాల్లో పొటాషియం క్లోరైడ్ అని ఉంది. చదివాను. చదవలేదని ఎన్నిసార్లో నాకు నేను చెప్పుకోవాలని చూశాను, కానీ చదివాను. సోడియం లేదు కదా, సోడియమే కదా అమ్మ వద్దంటున్నది అనుకున్నాను. ఇంత చిన్న ఉపాయం ఇంతమంది పెద్దవాళ్ళకి తట్టలేదే అని గర్వంగా కూడా అనిపించింది. కొని తెచ్చి, బియ్యం డబ్బాలో గుడ్డ చుట్టి దాచాను. అమ్మకి చెబితే ఒప్పుకోదని తెలుసు. ఆపరేషనుకి నాన్న బరువు పెరిగాక చెబుదాం, అప్పుడు మెచ్చుకుంటుంది అనుకున్నాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం పప్పుచారు పెట్టి, నాన్న వాటా వేరే గిన్నెలో తీసి అందులో మాత్రం అది కలిపాను. నాన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. నాకేసి చూశాడు. ఇంకో ముద్ద పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు.

"ఎక్కడిదే ఇది?"

"కొత్త రకం నాన్నా. సోడియం ఉండదు. మీలాంటి వాళ్ళకే చేశారంట. అమ్మకి చెప్పకు."

"చెప్పను." నాలుక పైదవడకి ఆనించి చూశాడు. ఎన్ని నెలల తర్వాతో ఆయన ముఖంలో వెలుగొచ్చింది. "చిట్టీ, దీన్లో చివర్న చేదు తగుల్తంది చూశావా? ఇది రణ్‌లో ఉప్పు తీసినాక ఆఖర్న మిగిలే నీళ్ళ రుచి. అచ్చం అదే. ఈ రుచి ఎన్నేళ్ళయిందో!" అని కంచం ముందుకు లాక్కున్నాడు. ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఆయనకి ఎంత సంతోషమంటే, తిన్నాక కూడా వేళ్ళు నాక్కుంటూ, గుడిసె ముందు అడవి గాడిదలు వచ్చి నిలబడేవని, ఎండమావిలో వాటి కాళ్ళు తలకిందులుగా కనిపించేవని చెప్పాడు. నేను కూడా సంతోషంగా విన్నాను. అగరియాలు పారబోసేది ఆ నీళ్ళనే అని నాకు చెప్పిన మనిషి ఆయన, నోట్లో వేలు పెట్టించుకుని ఉమ్మేసినదాన్ని నేను. ఇద్దరికీ ఆ నీళ్ళు ఎందుకు పారబోస్తారో గుర్తు రాలేదు. వచ్చినా, ఆయన నా ముఖం చూసి తినేవాడేమో. అది నాకు ఇప్పటికీ తెలియదు.

తొమ్మిది రోజులు తిన్నాడు. మధ్యలో రెండుసార్లు డయాలిసిస్ అయింది కాబట్టి పైకి ఏమీ తెలియలేదు. బరువు కూడా కాస్త పెరిగింది. అమ్మ తూకం ముల్లు చూసి నన్ను దగ్గరికి లాక్కుని నెత్తి మీద ముద్దు పెట్టుకుంది. డిసెంబరు మొదటి ఆదివారం గుడి నించి వచ్చాక, ఆకలేస్తోంది అని నాన్న తనంతట తనే అడిగాడు. వంకాయ పులుసు, పప్పుచారు, ఆయన వాటా తీసి రెండింట్లోనూ నిండుగా వేశాను. మధ్యాహ్నం మూడింటికి మంచం మీంచి లేవబోతే కాళ్ళు లేవలేదు. "కాళ్ళు నావి కావే, ఎవరివో తెచ్చి పెట్టినట్టున్నాయి" అని నవ్వాడు. తర్వాత నవ్వలేదు. అమ్మ నాడి పట్టుకుని చూసి, కిందికి పరిగెత్తి ఆటో పిలిచింది.

ఆటోలో నాన్న తల అమ్మ ఒళ్ళో ఉంది. అమ్మ నన్ను అడిగింది, ఏం పెట్టావు అని. చెప్పాను. గుండె బొమ్మ ప్యాకెట్ అని చెప్పాను, సోడియం ఉండదమ్మా అని కూడా చెప్పాను. అమ్మ కళ్ళు మూసుకుంది. పని చెయ్యని కిడ్నీలు పొటాషియంని బయటికి పంపలేవు, అది రక్తంలో పోగై గుండెని ఆపేస్తుంది. అరటిపండు వద్దన్నదీ, కొబ్బరినీళ్ళు వద్దన్నదీ, కూరగాయల నీళ్ళు పారబోయించిందీ అందుకే. ఇదంతా ఆమె నాకు ఆ ఆటోలో చెప్పలేదు. ఆస్పత్రి గేటు దగ్గర దిగుతూ నా మణికట్టు గట్టిగా పట్టుకుని, "నువ్వు నోరు తెరవకు. నేను చూసుకుంటా" అంది. ఆమె పనిచేసే ఆస్పత్రే అది. డ్యూటీ డాక్టరు కుర్రవాడు, అమ్మంటే గౌరవం. అమ్మే ముందుగా పొటాషియం పెరిగి ఉంటుందని చెప్పింది. వాళ్ళు చెయ్యాల్సినవన్నీ వెంటనే మొదలుపెట్టారు. మధ్యలో అతను అడిగాడు, "క్యా ఖిలాయా ఇన్‌కో?" అని, ఏం తినిపించారని.

"నారియల్ పానీ" అంది అమ్మ, కొబ్బరినీళ్ళని. "అడిగారు. కాదనలేక నేనే ఇచ్చాను. రోజూ ఇచ్చాను."

అతను సూది పట్టుకున్న చెయ్యి ఆపి అమ్మ ముఖంలోకి చూశాడు. "సిస్టర్, ఆప్ భీ?" అన్నాడు, మీరు కూడానా అన్నట్టు. వార్డులో అమ్మ చేతి కింద పని నేర్చుకున్న నర్సులు ఇద్దరు అక్కడే ఉన్నారు. అమ్మ తల దించుకుంది. కబురందుకుని అప్పుడే వచ్చిన సువార్తత్త తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరవకు అన్న మాట ఒక్కటే పట్టుకుని నిలబడ్డాను. దీపాలు పెట్టే వేళకి నాన్న పోయాడు.

సమాధి దగ్గర పాస్టరు అయ్యగారు వాక్యం చదివాక ఒక్కొక్కరూ పిడికెడు మట్టి వెయ్యాలి. అమ్మ వంగి మట్టి తీసుకుంటే సువార్తత్త ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆ చేత్తో వెయ్యకు" అంది. అరవలేదు, మామూలుగానే అంది, అందరికీ వినపడింది. అమ్మ పిడికిలి విప్పి మట్టి కింద వదిలేసి పక్కకి జరిగింది. తర్వాత నా వంతు. నేను వేశాను. నన్ను ఎవరూ ఆపలేదు, పైగా అత్త నన్ను దగ్గరికి తీసుకుని, తండ్రిలేని పిల్లవైపోయావే అని ఏడ్చింది. ఆమె భుజం మీద తల పెట్టుకుని నేను కూడా ఏడ్చాను. నా బతుకులో నేను చేసినవాటిలో ఆ ప్యాకెట్ కొనడం కంటే ఆ భుజం మీద తల పెట్టడమే నీచమని నాకిప్పుడు అనిపిస్తుంది. ప్యాకెట్ తెలియక కొన్నాను.

ఇంటికొచ్చాక ఎవరూ లేనప్పుడు బియ్యం డబ్బాలోంచి ప్యాకెట్ తీసి నాలిక మీద వేసుకున్నాను. అంతవరకూ నేను దాన్ని రుచి చూడలేదు, కూరలో ఉప్పు చూసే అలవాటు పోయింది మా ఇంట్లో. ముందు ఉప్పగా ఉంది, తర్వాత డాబా మీద బేసిను మూలలో ఉన్న నీళ్ళు గుర్తొచ్చాయి. అమ్మ వచ్చి ప్యాకెట్ లాక్కుని సింకులో వొంపేసింది. అత్తకి నిజం చెబుతానన్నాను. "నీకు పద్దెనిమిదేళ్ళు. ఇది నీ నెత్తిన పడితే నువ్వు లేవవు. నేను లేస్తాను. నేనుండగా ఈ మాట బయటికి రాకూడదు, బస్" అంది. లేచింది, నిజంగానే. వార్డు డ్యూటీ వదిలేసి దుప్పట్లూ గుడ్డలూ లెక్క చూసే స్టోరుకి వెళ్ళిపోయింది, రిటైరయ్యేదాకా అక్కడే ఉంది. మొగుడికి కొబ్బరినీళ్ళు పట్టించి చంపుకున్న నర్సు అని గుళ్ళో కూడా గుసగుసలు పోయేవి. ప్రతి క్రిస్మస్‌కీ గులాబీపువ్వులు వండి డబ్బాలో పెట్టి, తెలిసినవాళ్ళ చేత అభన్‌పూర్ పంపేది. మూత తియ్యకుండానే డబ్బా వెనక్కి వచ్చేది. అమ్మ మళ్ళీ వచ్చే ఏడు వండేది. నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, పుస్తకాలు రాశాను. మనుషుల మనసుల గురించి బాగా రాస్తానని నాకు పేరు కూడా ఉంది. ఇరవై ఏళ్ళకి పైగా నేను చేసిన పనల్లా అమ్మ చెప్పిన మాట వినడం. అంత సులువైన విధేయత ఎక్కడా ఉండదు.

రణ్‌లో రెండో రోజు జీపు డ్రైవర్ని అడిగి ఉప్పు మడుల వైపు వెళ్ళాను. ఒక అగరియా ఆడమనిషి చెక్క దంతెతో ఉప్పు గీకి కుప్పలు పోస్తోంది. మడి మూలన చిక్కటి నీళ్ళు, నూనె తేలినట్టు కాస్త పసుపుగా ఉన్నాయి. ఇవేం చేస్తారు అని అడిగితే, కాలవ చూపించి, పారబోస్తాం బెన్, చేదు అంది. ఇప్పుడు కొన్నిచోట్ల ఫ్యాక్టరీలవాళ్ళు కొని వాటిలోంచి మందులకీ ఎరువులకీ పనికొచ్చేవి తీస్తున్నారని డ్రైవరు చెప్పాడు. నేను అప్పటి రోజులతో ఇప్పటి రోజుల్ని పోల్చుకున్నాను. మా దేవేంద్ర నగర్ మేడ కొట్టేసి ఫ్లాట్లు కట్టారు. శంకర్ నగర్ కొట్లలో ఇప్పుడు ఉప్పే పది రకాలుంది, గులాబీదీ నల్లదీ కూడా. ఇప్పుడైతే ఫోన్ తీసి ఒక్క మాట వెతికినా, కిడ్నీ రోగులకి ఇది పెట్టకండి అని వచ్చేస్తుంది. ఇది ఈ రోజుల్లో అయి ఉంటే మా నాన్న బతికేవాడు. ఈ ఆలోచన ఓదార్పు అవుతుందేమోనని చాలాసేపు చూశాను, కాలేదు. అంత తెల్లటి నేల మధ్య నిలబడి, ఇంక అమ్మ లేదు కాబట్టి ఆమె పెట్టిన షరతు కూడా లేదు అనుకున్నాను. రాయ్‌పూర్ స్టేషన్లో దిగి ఇంటికి పోకుండా సూట్‌కేసుతోనే అభన్‌పూర్ బస్సెక్కాను.

సువార్తత్తకి ఎనభైకి దగ్గరగా ఉంటాయి. వరండాలో నులకమంచం మీద కూర్చుని చేటలో మెంతికూర వలుస్తోంది. అమ్మ పోయినప్పుడు కబురు పంపితే రాలేదు. నన్ను చూసి, "రా, బైఠో, చిక్కిపోయావే" అంది. మంచినీళ్ళు తాగకుండానే చెప్పాను. కొట్టు, ప్యాకెట్, తొమ్మిది రోజులు, ఆటో, కొబ్బరినీళ్ళు. ఎక్కడా ఏడవకుండా చెప్పాను. అత్త వింటూ వింటూ కూర వలవడం ఆపేసింది.

"మళ్ళీ చెప్పు" అంది.

మళ్ళీ చెప్పాను.

"కరుణ ఇవ్వలేదా?"

"లేదత్తా. అమ్మకి తెలియదు. నా కోసం అలా చెప్పింది."

తిడుతుందనుకున్నాను. కొడుతుందేమోనని కూడా అనుకున్నాను, కొడితే బాగుండునని ఉంది. ఆమె చేట పక్కన పెట్టి, లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుంది.

"నీమీద నాకు కోపం లేదే. చిన్నపిల్లవి, నాన్న తినాలని పెట్టావు" అంది. "కానీ ఇన్ని సాల్ చుప్‌గా ఉండి, ఇప్పుడెందుకు చెప్పావే? పది నెలల ముందు చెప్పుంటే నేను పాక్కుంటూ వచ్చయినా దాని కాళ్ళు పట్టుకునేదాన్ని. ఇప్పుడు నేనెవరి దగ్గరికి పోను? తప్పయింది కరుణా అని ఎవరికి చెప్పను?"

నేను వచ్చింది నన్ను క్షమించు అత్తా అనడానికి. ఆమె నాకేసి చూస్తూనే ఉంది, నిజంగా జవాబు కావాలన్నట్టు, నేను చెబుతాననే అనుకుంటున్నట్టు.